అందరూ ప్రభువులేనా? మరి చెప్పులు కుట్టిందెవరు?

చరిత్రను చదవటం ఒకటి, చరిత్రను తొడుక్కోవటం ఇంకొకటి. అమెరికాలో, ఇంగ్లండులో, ఫ్రాన్సులో వేలాదిమంది సెలవు రోజుల్లో మధ్యయుగాల బట్టలు వేసుకుని, ఇనుప కవచాలు బిగించుకుని, డేరాల్లో బసచేసి కత్తియుద్ధాలు చేస్తారు. సోమవారం పొద్దున మళ్లీ ఎవరి ఆఫీసుకు వాళ్లు, ఎవరి ఫ్యాక్టరీకి వాళ్లు వెళ్లిపోతారు. వాళ్లకది హాబీ. స్టాంపులు సేకరించటం, చేపలు పట్టటం లాంటిదే. దీంతో దళితులకేం పని అని ఎవరైనా అడగొచ్చు. పని ఉంది. గతాన్ని మళ్లీ ఆడేటప్పుడు ఎవర్ని రంగం మీదికి తీసుకొస్తారు, ఎవర్ని ఊరిబయటే వదిలేసొస్తారు అనేది ఉత్త ఆట ప్రశ్న కాదు, అధికారం ప్రశ్న. ఊరిబయట ఉన్నవాళ్లు అడక్కపోతే ఆ ప్రశ్న ఇంకెవరూ అడగరు.

ఈ ఆటలో బాగా పేరున్న సంఘం సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం. 1966 మే 1న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, తర్వాత రచయిత్రిగా పేరు తెచ్చుకున్న డయానా పాక్సన్ ఇంటి పెరట్లో ఒక కత్తియుద్ధ పోటీతో అది మొదలైంది. పోటీ అయ్యాక ఇరవయ్యో శతాబ్దానికి నిరసన అంటూ అందరూ టెలిగ్రాఫ్ అవెన్యూ వెంట ఊరేగారు. సంఘానికి పేరు పెట్టింది నవలా రచయిత్రి మారియన్ జిమ్మర్ బ్రాడ్లీ. ఆ మే 1 నుంచే వాళ్లు తమ శకాన్ని లెక్కపెట్టుకుంటారు. ఇప్పుడు భూమిని 20 'రాజ్యాలు'గా పంచుకున్నారు. పేము బెత్తం కత్తులతో పోరాడి గెలిచినవాళ్లకు కొన్ని నెలలపాటు కిరీటం. 1972లో మొదలైన, ఇప్పుడు పెన్సిల్వేనియాలోని స్లిప్పరీ రాక్ దగ్గర జరిగే పెన్సిక్ యుద్ధం, కోవిడ్ కాలం మినహాయిస్తే, వేసవి వేసవికీ జరుగుతూ వచ్చింది. దానికి పదివేల మందికి పైగా చేరిన సంవత్సరాలు చాలా ఉన్నాయి. సభ్యులు 1600కు ముందటి కాలంలో బతికిన మనిషిగా ఒక కొత్త పేరు, కొత్త ఊరు, కొత్త పుట్టుక ఎంచుకుంటారు.

పుట్టుకను ఎంచుకోవటం! ఈ మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. ఈ దేశంలో ఏ మనిషికీ లేని సౌకర్యం అది. ఆ సంఘంలో చేరిన ప్రతివాళ్లనీ పుట్టుకతో కులీనులుగానే లెక్కవేసే ఆనవాయితీ మొదటినుంచీ ఉంది. ఇంకా పైకి పోవాలంటే కత్తి చూపించాలి, కళ చూపించాలి, సేవ చెయ్యాలి. కింద మాత్రం ఎవరూ ఉండరు. మధ్యయుగాలు ఎట్లా ఉన్నాయో అట్లా కాదు, ఎట్లా ఉండాల్సిందో అట్లా ఆడుకుంటామని వాళ్లే చెప్పుకుంటారు. వినటానికి బాగానే ఉంది. అందర్నీ పైకి లేపారు గదా, అంతకంటే సమానత్వం ఏముంది అనిపిస్తుంది.

కాని లెక్క చూడండి. అందరూ ప్రభువులే అయితే ఆ ప్రభువుల గుర్రానికి జీను ఎవరు కుట్టారు? పొలం ఎవరు దున్నారు? కోట మరుగుదొడ్డి ఎవరు ఎత్తారు? 1086లో ఇంగ్లండు రాజు చేయించిన డూమ్స్‌డే సర్వేలో లెక్కకెక్కిన జనంలో దాదాపు పదోవంతు బానిసలే. మిగిలినవాళ్లలో ఎక్కువమంది దొర భూమికి ఏదో ఒక విధంగా కట్టుబడిన రైతులు. కవచం తొడిగి గుర్రమెక్కినవాడు ఆ సమాజంలో పిడికెడుమందిలో ఒకడు. ఆ పిడికెడుమందినే సమాజమంతా అన్నట్టు చూపిస్తే అది సమానత్వం ఎట్లా అవుతుంది? కింది మనిషిని పైకి లేపటం వేరు, కింది మనిషి అసలు లేడని తుడిచెయ్యటం వేరు. ఈ ఆటలో జరిగేది రెండోది. ఇంకో విచిత్రం ఉంది. వాళ్లు తమ శకానికి మొదటి రోజుగా పెట్టుకున్నది మేడే. ప్రపంచమంతా శ్రామికుణ్ణి తలుచుకునే రోజున శ్రామికుడు లేని ప్రపంచం ఒకటి పుట్టింది.

తోలు సంగతే తీసుకుందాం. ఈ హాబీలో తోలుపనికి చాలా గౌరవం ఉంది. మధ్యయుగపు పద్ధతిలో బూట్లు కుట్టటం, ఒరలు చెయ్యటం, తోలు నానబెట్టి గట్టిపరిచి కవచంగా మలచటం నేర్చుకుంటారు, ఒకరికొకరు నేర్పుతారు. బాగా చేసినవాళ్లకు బిరుదులిస్తారు. మంచిదే. పని నేర్చినవాడికి బిరుదు దక్కటం కంటే న్యాయం ఏముంది? కాని యూరప్‌లో కూడా ఆ కాలంలో తోలు ఊనేచోటు పట్నానికి ఒక అంచున, ఏటికి దిగువన ఉండేది. సున్నం, ఓక్ చెక్క, జంతువుల మలమూత్రాలు కలిసిన ఆ వాసన ప్రభువుల ముక్కుకు పడదు. జర్మన్ ప్రాంతాల్లో చచ్చిన పశువుల చర్మం ఒలిచేవాళ్లనీ, తలారుల్నీ గౌరవం లేని వృత్తులవాళ్లుగా ముద్రవేసి, వాళ్ల పిల్లల్ని కూడా వృత్తి సంఘాల్లోకి రానిచ్చేవాళ్లు కాదు. ఇది మనకు తెలిసిన కథే. మాదిగవాడలో లంద, తంగేడు చెక్క, ఆరె, రంపె ఎవరికీ హాబీ కాదు. అదే తోలు, అదే నైపుణ్యం. అక్కడ సరదాగా నేర్చుకున్నవాడికి బిరుదు, ఇక్కడ తరతరాలుగా చేసినవాడికి అంటరానితనం. తేడా పనిలో లేదు. పని మానెయ్యగల స్వేచ్ఛలో ఉంది. మానుకోవటానికి వీలున్నప్పుడే ఏ పనైనా హాబీ అవుతుంది.

మధ్యయుగపు యూరప్‌లో కులం లాంటిదే లేదని, అక్కడ ఉన్నదంతా భూస్వామ్యమేనని మన మేధావులు కొందరు చెప్తుంటారు. వాళ్లకు కాగోల పేరు తెలియకపోవచ్చు. ఫ్రాన్సు నైరుతి ప్రాంతంలో, పిరనీ కొండలకు అటూఇటూ వందల ఏళ్లపాటు వెలివేయబడిన జనం వీళ్లు. వీళ్ల రంగు వేరు కాదు, భాష వేరు కాదు, మతం వేరు కాదు. అయినా ఊరికి దూరంగా వేరే వాడలు. చర్చిలో వేరే చిన్న వాకిలి, పవిత్రజలానికి వేరే తొట్టి. కొన్నిచోట్ల బట్టల మీద ఎర్రటి బాతుకాలు గుర్తు. పెళ్లిళ్లు వాళ్లలో వాళ్లకే. చేయనిచ్చిన పనుల్లో ముఖ్యమైంది వడ్రంగం. వాళ్లు ముట్టిన కర్ర పనికొచ్చింది, వాళ్లు మాత్రం పెద్ద వాకిలికి పనికిరాలేదు. ఇప్పటికీ కొన్ని పాత చర్చిల గోడల్లో ఆ చిన్న వాకిళ్లు కనిపిస్తాయి.

వెలిని యూరప్‌లో కూడా వెతికి చూడాలనే ఆలోచన మనకు కొత్తది కాదు. అంబేద్కర్ 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో అంటరానివాళ్లు ఊరిబయట ఎందుకున్నారు అని అడిగి, ఐర్లండులోని ఫుయిదిర్‌లనీ, వేల్స్‌లోని ఆల్టుడ్‌లనీ పోలికగా తెచ్చాడు. వాళ్లూ పరాయివాళ్లుగా ఊరి అంచున బతికినవాళ్లే. అయితే అక్కడ కాలక్రమంలో ఆ గీత చెరిగిపోయింది. ఇక్కడ మైల అనే భావం అడ్డుపడి చెరగలేదు. అంబేద్కర్ తేల్చిన తేడా అది. మధ్యయుగాలను ఎట్లా చదవాలో ఆయన చూపించిన పద్ధతి కూడా అదే. రాజు కోటలోంచి కాదు, ఊరి పొలిమేరలోంచి చదవాలి.

ఈ ఆటకు ఇంకొక వంశవృక్షం ఉంది. అది బర్క్‌లీ పెరడు కంటే పాతది. 1819 చివర్లో వాల్టర్ స్కాట్ 'ఐవన్‌హో' వచ్చాక ఇంగ్లీషు ప్రభువులకు వీరయోధుల పిచ్చి పట్టింది. 1839లో స్కాట్లండులో ఎగ్లింటన్ ప్రభువు తన ఎస్టేటులో మధ్యయుగపు గుర్రపు పోటీ పెడితే లక్షమంది దాకా వచ్చారని చెప్తారు. కుండపోత వర్షం అంతా పాడుచేసింది. ఈ పిచ్చి అట్లాంటిక్ దాటి అమెరికా దక్షిణాది రాష్ట్రాలకు పోయింది. తోటల యజమానులు ఫలానా వీరుడు, ఫలానా యోధుడు అని పేర్లు పెట్టుకుని, గుర్రం మీద దూసుకుపోతూ బల్లెంతో ఉంగరాలు తగిలించే పోటీలు జరుపుకున్నారు. గెలిచినవాడు ఒక అమ్మాయిని అందాల రాణిగా కిరీటం పెట్టి కూర్చోబెడతాడు. ఆ గుర్రాల్ని మేపినవాళ్లు, ఆ విందు వండినవాళ్లు ఎవరో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నల్ల బానిసలు. స్కాట్ నవలల మత్తే దక్షిణాదిని చెడగొట్టిందనీ, అంతర్యుద్ధానికి కూడా చాలావరకు అతనే బాధ్యుడనీ మార్క్ ట్వేన్ 1883లో వెక్కిరించింది ఊరికే కాదు. యుద్ధంలో ఓడిపోయాక 1865లో పుట్టిన కు క్లక్స్ క్లాన్, 1915లో మళ్లీ లేచినప్పుడు తనకు పెట్టుకున్న పేరులోనే 'నైట్స్' అనే మాట ఉంది. వీరయోధుడి ముసుగు వేసుకుని నల్లవాళ్ల ఇళ్లు తగలబెట్టారు, చెట్లకు వేలాడదీశారు.

ఇదే స్కాట్ నుంచి ఇంకొకాయన కూడా ఒక పేరు తీసుకున్నాడు. మేరీలాండ్ రాష్ట్రంలో బానిసగా పుట్టి 1838లో తప్పించుకుని న్యూ బెడ్‌ఫర్డ్ చేరిన ఫ్రెడరిక్ బెయిలీ. బానిసల్ని పట్టి అప్పగించేవాళ్ల కన్ను కప్పాలంటే కొత్త పేరు కావాలి. ఆశ్రయమిచ్చిన నల్లజాతి మనిషి నేథన్ జాన్సన్ అప్పుడే స్కాట్ కావ్యం 'ది లేడీ ఆఫ్ ది లేక్' చదువుతున్నాడు. అందులోని పాత్ర పేరును సూచించాడు. అట్లా పుట్టినవాడే ఫ్రెడరిక్ డగ్లస్. ఒకే రచయిత, ఒకే రకం పేర్లు. తోట యజమాని ఆ పేరును ఒక్క మధ్యాహ్నం కోసం పెట్టుకున్నాడు. డగ్లస్ ప్రాణం కోసం పెట్టుకుని, జీవితమంతా మోసి, బానిసత్వం మీద పోరాటానికే ఆ పేరును జెండా చేశాడు. పేరు మార్చుకోవటం అణగారినవాడికి ఆట కాదు. కులం కనిపించకుండా ఇంటిపేరు దాచుకునే మనవాళ్లకూ, మతం మారి కొత్త పేరు పెట్టుకున్న మనవాళ్లకూ ఈ సంగతి విడమర్చి చెప్పనవసరం లేదు. డగ్లస్ పారిపోయి వచ్చిన ఆ మేరీలాండ్ రాష్ట్రమే 1962లో గుర్రపు బల్లెం పోటీని తన అధికారిక క్రీడగా ప్రకటించుకుంది.

మళ్లీ 1966కు వద్దాం. మే నెలలో బర్క్‌లీలో కత్తులు పట్టారు. అదే సంవత్సరం అక్టోబరులో, పక్కనే ఆనుకుని ఉన్న ఓక్‌లాండ్ పట్నంలో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ కలిసి బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. వాళ్లకూ ఒక వేషం ఉంది. నల్ల తోలు జాకెట్టు, నల్ల టోపీ, చేతిలో తుపాకీ. వాళ్లకూ వర్తమానం మీద నిరసన ఉంది. ఒకళ్లు ఇరవయ్యో శతాబ్దం నచ్చక పన్నెండో శతాబ్దంలోకి పోయారు. ఇంకొకళ్లు పోలీసు లాఠీ నుంచి తమ వాడను కాపాడుకోవటానికి వీధిలోకి వచ్చారు. 1967 మే 2న పాంథర్లు ఆయుధాలతో సాక్రమెంటోలోని రాష్ట్ర శాసనసభా భవనంలోకి నడిచారు. అప్పటి చట్టం ప్రకారం ఆయుధం బయటికి కనపడేట్టు పట్టుకు తిరగటం నేరం కాదు. జూలై పూర్తికాక ముందే గవర్నర్ రీగన్ సంతకంతో గుండ్లు నింపిన తుపాకీ బహిరంగంగా పట్టుకోవటాన్ని నిషేధించే చట్టం వచ్చింది. పేము కత్తికీ తుపాకీకీ పోలికేమిటని కొట్టిపారేయొద్దు. ఎవరి చేతిలో ఆయుధం వినోదంగా కనిపిస్తుంది, ఎవరి చేతిలో ప్రమాదంగా కనిపిస్తుంది అన్నదే ఇక్కడ ప్రశ్న. ఆ ఓక్‌లాండ్ పేరే 1972లో బొంబాయి చేరి దళిత పాంథర్స్ అయింది. బర్క్‌లీ ఊరేగింపు నుంచి మన వాడలకు చేరింది మాత్రం ఏమీ లేదు.

గుర్రం కూడా అంతే. వీరయోధుడంటే గుర్రం. అక్కడ గుర్రమెక్కి బల్లెం పట్టటం శనివారం సాయంత్రపు ముచ్చట. ఇక్కడ 2018 మార్చిలో గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలో గుర్రాన్ని పెంచుకున్న ఒక దళిత యువకుడు హత్యకు గురయ్యాడు. గుర్రం స్వారీ చేస్తున్నాడన్న కక్షతోనే చంపారని తండ్రి ఫిర్యాదు చేశాడు. 1980 మేలో కుమావూ కొండల్లోని కఫల్టాలో దళిత పెళ్లికొడుకు పల్లకీ దిగనన్నందుకు 14 మందిని చంపేశారు. మధ్యయుగాల్ని వాళ్లు సరదాగా ఆడుతుంటే ఇక్కడ వాటిని నిజంగా జరుపుతున్నారు. టికెట్ లేదు, తెర లేదు, సోమవారం పొద్దున ఇంటికి పోవటం లేదు. కారంచేడులో 1985 జూలైలో, చుండూరులో 1991 ఆగస్టులో లేచిన గొడ్డళ్లు, బరిసెలు పేముతో చేసినవి కావు.

ఈ హాబీ చేసేవాళ్లంతా జాత్యహంకారులే అనటం అన్యాయం. చాలామంది మామూలు ఉద్యోగులు, పనివాళ్లు. పేరూ ముఖం లేని కొలువుల్లో నలిగిపోయి, వారాంతంలో ఒక గౌరవం వెతుక్కునేవాళ్లు. ఆడవాళ్లు కవచం తొడిగి పోరాడతారు. అయినా ఈ ఆట చుట్టూ ఉన్న గాలి మంచిది కాదని గత కొన్నేళ్ల సంఘటనలే చెప్పాయి. 2017 ఆగస్టులో చార్లట్స్‌విల్‌లో తెల్లజాతి దురహంకారులు మధ్యయుగపు గుర్తులున్న డాళ్లు పట్టుకుని వీధుల్లో నడిచారు. 2018 జనవరిలో ఈ సొసైటీలోనే దక్షిణ కాలిఫోర్నియా ప్రాంతపు 'కెయిడ్ రాజ్యం' రాజూ రాణీ స్వస్తికలు నేసిన అంచున్న దుస్తులు వేసుకున్నారని గొడవై, ఇద్దరూ గద్దె దిగాల్సి వచ్చింది. అది పాతకాలపు నమూనాయే గదా అన్న సమర్థన కూడా వినిపించింది. ఇదే అసలు కిటుకు. బానిసల్నీ, కాగోల్నీ, తోలుపనివాళ్లనీ తుడిచేసేటప్పుడు, చరిత్ర ఎట్లా ఉందో అట్లా ఆడం అంటారు. అభ్యంతరం చెప్పినప్పుడు, చరిత్రలో ఉన్నదే గదా అంటారు. రెండు నాలుకలు.

అచ్చంగా చరిత్రనే అడుగుదామంటే చరిత్ర కూడా వాళ్లు అనుకున్నంత తెల్లగా లేదు. 1511లో ఎనిమిదో హెన్రీ వెస్ట్‌మిన్‌స్టర్‌లో జరిపిన గుర్రపు పోటీని చిత్రించిన పొడవాటి చుట్ట ఒకటి ఉంది. అందులో బాకా ఊదేవాళ్ల మధ్య తలపాగా చుట్టుకున్న నల్ల మనిషి రెండుసార్లు కనిపిస్తాడు. పేరు జాన్ బ్లాంక్. రాజుకు అర్జీ పెట్టుకుని తన రోజుకూలిని 8 పెన్నీల నుంచి 16 పెన్నీలకు పెంచుకున్నవాడు. జర్మనీలోని మాగ్డెబర్గ్ చర్చిలో 1240 ప్రాంతంలో చెక్కిన సెయింట్ మారిస్ విగ్రహం కవచం తొడిగిన నల్ల యోధుడిది. వీరుల పోటీలో వీరుడి కంటే ఆ బాకా ఊదినవాడే మనకు దగ్గరివాడు. డప్పు కొట్టి ఊరేగింపు నడిపి, కూలి దగ్గర నోరు విప్పినవాడు.

మధ్యయుగాల్ని కింది నుంచి ఆడలేమా? ఆడొచ్చని ఫ్రాన్సులోని గెడెలాన్ చూపించింది. బర్గండీలోని అడవిలో 1997లో మొదలుపెట్టి, పదమూడో శతాబ్దపు పనిముట్లతో, పద్ధతులతో ఒక కోట కడుతూ వచ్చారు. అక్కడ చూడాల్సింది రాజును కాదు. రాయి కొట్టేవాణ్ణి, సున్నం కలిపేవాణ్ణి, తాడు పేనేవాణ్ణి, పెద్ద చక్రంలో నడిచి బరువులెత్తేవాణ్ణి, గొడ్డలితో దూలం చెక్కేవాణ్ణి. 2019లో పారిస్‌లోని నోత్రదామ్ కాలిపోయి, దాని కప్పును పాత పద్ధతిలో తిరిగి కట్టాల్సి వచ్చినప్పుడు గెడెలాన్‌లో చెయ్యి తిరిగిన వడ్రంగులు కొందరు ఆ పనికి పోయారు. 2024 డిసెంబరులో చర్చి తెరుచుకుంది. కిరీటాల ఆటలోంచి ఇట్లాంటి ఫలితం వస్తుందా? శ్రమను మళ్లీ చేసి చూస్తేనే జ్ఞానం పుడుతుంది. అయితే అక్కడ కూడా ఒక మాట అడగాలి. చెక్కపని చేసిన కాగోకు ఆ కోట కథలో చోటుందా?

ఇదే ప్రశ్న మన దగ్గరా అడగాలి. పల్నాడులోని కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు రోజులు. పన్నెండో శతాబ్దపు యుద్ధాన్ని మళ్లీ తలుచుకుంటారు, ఆయుధాల్ని కొలుస్తారు. ఇది హాబీ కాదు, ఎంచుకున్న వేషం కాదు. తాతల నుంచి దిగివచ్చిన ఆచారం. ఈ కథలో సేనానిగా నిలబడ్డవాడు మాల కన్నమదాసు. చాపకూడు పేరుతో కులాలన్నీ ఒకే పంక్తిలో తిన్న జ్ఞాపకం కూడా ఇందులోనే ఉంది. యూరప్ ఆటలో కింది మనిషి లేనేలేడు. మన కథలో ఉన్నాడు, కత్తితో ఉన్నాడు. అది మన బలం. కాని సాహిత్య చరిత్రకారులు శ్రీనాథుడి పేరు దగ్గర ఆగినంతసేపు, ఆ కథను నోటితో మోసుకొచ్చిన దళిత గాయకుల దగ్గర ఆగారా? చాపకూడు ఉత్సవంలో ఒక ఘట్టంగా మిగిలిపోయిందా, ఊరి బావి దగ్గరికీ పెళ్లిపందిరి కిందికీ కూడా వచ్చిందా? కన్నమదాసుకు దండం పెట్టే చెయ్యి, కన్నమదాసు వాడనుంచి వచ్చిన పిల్లకాయ పక్కన కూర్చుంటే ఏం చేస్తుంది?

గతాన్ని ఆడుకోవద్దని మనం అనటం లేదు. ఆడుకోనివ్వండి. కాని ఏ ఆటలోనైనా మూడు లెక్కలు అడుగుదాం. ఇందులో ఊరిబయట ఎవరున్నారు? వాళ్ల పనిని ఎవరు తమ కళగా చూపించుకుంటున్నారు? ఆట అయిపోయాక వేషం విప్పుకునే హక్కు ఎవరికుంది, ఎవరికి లేదు? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని మధ్యయుగం, దానికి ఎన్ని కిరీటాలు పెట్టినా, మనది కాదు. కాగో చర్చి వాకిలినీ, మాదిగ లందనూ, జాన్ బ్లాంక్ అర్జీనీ పక్కపక్కన పెట్టి చదివే చరిత్ర ఇంకా రాయాల్సి ఉంది. ఆ పని పరిశోధకులుగా మన మీదే ఉంది.